రాత్రికి రాత్రి పెరిగిన పాత్రలు

ఆ రోజుకి నిదానం వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళాలి. రాత్రంతా దానంతటది నడుస్తూ ఉండమని వదిలిపెట్టి వచ్చిన వీడియో గేమ్ ఎక్కడా ఆగిపోలేదని చూసుకోవాలి. దాన్ని కొనడానికి పెద్ద కంపెనీ నుంచి వచ్చే మనిషికి చూపించాలి. తర్వాత ఇంటికొచ్చి హాయిగా పడుకోవాలి. ఏ పని చెప్పినా "నిదానంగా చూద్దాం సార్" అంటాడని యజమాని అతనికి పెట్టిన పేరు నిదానం. అది అతనికి ఎంత బాగా అతుక్కుపోయిందంటే, పెళ్ళైన కొత్తలో భార్య కూడా అదే అసలు పేరనుకుంది.

ఒక బూటుకి లేసు కట్టి, రెండోదానికోసం వంగుతుండగా భార్య వంటగదిలోంచి వచ్చింది.

"ఏమండీ, అమ్మ కూడా మీతో వస్తుందట."

"ఎక్కడికి?"

"ఆఫీసుకి. ఆటలో తన గొంతు వింటుందట. ఇవాళ కొనేవాళ్ళు వస్తున్నారని నేనే చెప్పాను."

నిదానం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

అందుకు కారణం ఉంది. ఆ ఆటలో కోట ముందు వీధి ఊడ్చే ముసలమ్మ ఒకతి ఉంది. ఆమె మాట్లాడేది మూడే ముక్కలు. ఆ మూడింటికీ ఒక గొంతు కావలసి వచ్చింది. డబ్బిచ్చి మనిషిని పెట్టుకునే స్తోమత కంపెనీకి లేదు. ఇంట్లో చూస్తే అత్తగారి గొంతు ఖాళీగా ఉంది. ఆవిడ గుమ్మంలో నిలబడి పనిమనిషిని పిలిస్తే పక్క వీధి పనిమనుషులు కూడా పలికేవారు. కానీ "మీరు వీధి ఊడ్చే ముసలమ్మగా వెయ్యాలి" అని అత్తగారిని అడిగే ధైర్యం ఏ అల్లుడికుంటుంది? "రాజమాత పాత్ర, అత్తయ్యగారూ" అనేశాడు. బయటి చప్పుళ్ళు పడకుండా ఆవిడను బట్టల బీరువాలో దుప్పట్ల మధ్య నిలబెట్టి, మైకు చేతికిచ్చాడు.

"ఎవరది?" అన్నది బాగానే వచ్చింది. "కాళ్ళు తుడుచుకుని రా!" దగ్గర ఆవిడ ఆగారు.

"రాజమాతకి ఎవరి కాళ్ళ సంగతో ఎందుకు అల్లుడుగారూ?"

"పరాయి రాజులు సభకి వస్తుంటారు కదండీ. మర్యాద నేర్పాలి."

"మరి మూడోది? 'ఇప్పుడే తుడిచాను, కళ్ళు కనిపించట్లేదా?' ఏం తుడిచింది ఆవిడ?"

"శత్రువుల్నండీ. తుడిచిపెట్టేసింది."

"ఓహో" అని ఆవిడ ఆ మూడో ముక్కను ఎంత కసిగా అన్నారంటే, బీరువా అద్దం కాసేపు వణికింది. అసలు రాజమాతకు గొంతిచ్చింది యజమాని భార్య. ఆ సంగతి తెలియని అత్తగారు బంధువులందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నారు. వియ్యపురాలికైతే రెండుసార్లు చెప్పారు.

ఇప్పుడు ముత్యాల దండ వేసుకుని, గుమ్మంలో నిలబడి, "పదండి అల్లుడుగారూ, రాజులు ఎదురుచూస్తుంటారు" అంటున్నారు.

*

ఆఫీసంటే రెండు గదులు. కింద ఇస్త్రీ దుకాణం, పైన ఇది. యజమాని ఆటల వ్యాపారంలోకి రాకముందు గిన్నెల కొట్టు నడిపేవాడు. 'పాత్రలు - అన్ని సైజులలో లభించును' అన్న పాత బోర్డు మెట్ల దగ్గర ఇంకా వేలాడుతోంది. "కథల్లో ఉండేవీ పాత్రలేగా, కొత్త బోర్డు దేనికి దండగ" అనేది ఆయన వాదన.

ముందురోజు సాయంత్రం పెద్ద కంపెనీ నుంచి ఆయనకు ఫోను వచ్చింది. తాము ఆర్పీజీలు మాత్రమే కొంటామని, ఇది ఆర్పీజీయేనా అని అడిగారు. "అచ్చమైన ఆర్పీజీ. కల్తీ అని తేలితే వాపసు" అని ఆయన హామీ ఇచ్చి, ఫోను పెట్టేసి, నిదానం వైపు తిరిగాడు.

"ఏమోయ్, ఆర్పీజీ అంటే ఏంటి?"

"రోల్ ప్లేయింగ్ గేమ్ సార్. ఆడేవాడు ఒక పాత్రలో దూరతాడు. ఆ పాత్ర మొదట చిన్నగా ఉంటుంది. పనులు చేసేకొద్దీ అనుభవం వస్తుంది, లెవెల్ పెరుగుతుంది."

"మన హీరో పెరుగుతాడా?"

"పెరగడు సార్. మొదట్లో ఎంతో చివర్లోనూ అంతే."

"అయితే పెంచు. చిన్న పాత్రని ఎవడు కొంటాడు?"

"నిదానంగా చూద్దాం—"

"పొద్దుటికి చూద్దాం."

నిదానం కూర్చుని ఒక్కటే ఒక్క నియమం రాశాడు. ఎవరు ఏ పని చేస్తే వారికి ఆ పనిలో అనుభవం పెరగాలి, పెరిగిన అంకె నెత్తి మీద కనబడాలి. ఆట నిలకడగా నడుస్తుందో లేదో తేలడానికి దాన్ని తెల్లవార్లూ నడిచేలా పెట్టి ఇంటికి వచ్చేశాడు. 'హీరో' అని రాయవలసిన చోట 'ఎవరు' అని రాసినట్టు అతనికి మరునాడు పొద్దున మెట్లెక్కి తలుపు తీసేదాకా తెలియలేదు.

హీరో మాత్రం కోట గుమ్మం దగ్గర ఎవరూ మీట నొక్కక, రాత్రి ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడి ఉన్నాడు. నెత్తి మీద సున్నా. మిగతా ఊరు ఊరంతా రాత్రంతా కష్టపడింది. కావలివాడు ఆవలించి ఆవలించి అందులో ఎంత నిష్ణాతుడయ్యాడంటే, అతను నోరు తెరిస్తే ఆ గాలికి కోట తలుపులు ఊడి వస్తున్నాయి. మేక నమిలి నమిలి గడ్డి దాటి గోడలు మొదలుపెట్టింది. హీరో చివర్లో చంపవలసిన డ్రాగన్‌కు ఆటలో నిద్ర తప్ప వేరే పని లేదు కాబట్టి, అది నిద్రలో ఎవరూ అందుకోలేని స్థాయికి చేరింది. ఇక దాన్ని లేపడం ఎవరి తరమూ కాదు.

వీధి ఊడ్చే ముసలమ్మ నెత్తి మీదైతే అంకె తెరలో పట్టక పక్కకు కారుతోంది. ఆమె చీపురు ఒక్కసారి ఆడిస్తే మొదట్లో మూరెడు దుమ్ము కదిలేది. ఇప్పుడు ఇళ్ళు కదులుతున్నాయి.

అత్తగారు ఇంకా కింద మెట్ల దగ్గరే ఆయాసం తీర్చుకుంటున్నారు. నిదానం నియమం సరిచేసి మళ్ళీ మొదటినుంచి పెడదామని కీబోర్డు మీద చెయ్యి వెయ్యబోతే యజమాని చెయ్యి వచ్చి దాని మీద పడింది. ఆయన అప్పటికే వచ్చి తెర ముందు కూర్చుని ఆనందబాష్పాలు తుడుచుకుంటున్నాడు.

"ముట్టుకోకు! ఎంత బాగా పెరిగాయి రా పాత్రలు!"

"పొరపాటైంది సార్. హీరో ఒక్కడే పెరగాలి. తగ్గించేస్తాను."

"పెరిగిన పాత్రని ఎవడైనా తగ్గిస్తాడా? ముప్పై ఏళ్ళు కొట్టు నడిపాను, ఒక్క గిన్నె కూడా రాత్రికి రాత్రి పెరగలేదు. ఇదే చూపిద్దాం. ఆ రెండో గదిలో కంప్యూటర్లో కూడా ఇదే ఎక్కించాను."

నిదానం రెండో గదిలోకి పరిగెత్తాడు. అత్తగారిని రెండో గదిలో కూర్చోబెట్టి, ఆ కంప్యూటర్లో గొంతులు తారుమారు చేసి, రాజమాత నోట ఆవిడ గొంతు వినిపించి పంపేద్దామని దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చాడు. అదృష్టం కొద్దీ ఆ కంప్యూటరు మీట నొక్కినా వెలగలేదు. అంత సంతోషం అతనికి పెళ్ళిలో కూడా కలగలేదు.

"పాడైపోయిందండీ. బాగవగానే వినిపిస్తాను. మీరు ఇక్కడే కూర్చోండి, బయటికి రాకండి" అని అప్పుడే పైకి వచ్చిన అత్తగారికి కుర్చీ వేసి, తలుపు చేరవేశాడు.

"దిగులు పడకు, ఆట ఎక్కించగానే ఆరిపోయింది. రిపేరు చేసే ఆయనకి ఫోను చేశాను, వస్తున్నాడు" అన్నాడు యజమాని.

అన్నట్టుగానే భుజాన సంచీ వేసుకుని, బట్టతల, కళ్ళజోడుతో ఒకాయన తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. చూస్తే నలుగురిలో నోరు విప్పే అలవాటు లేని మనిషిలా ఉన్నాడు.

"నమస్కారమండీ. నేను ఆట గురించి—"

"ఆటలు తర్వాత. ముందు ఆ గదిలో కంప్యూటర్ చూడండి" అని యజమాని ఆయన్ను భుజం పట్టుకుని లోపలికి పంపేశాడు. సంచీ మనిషి ఏదో అనబోయాడు. లోపల్నుంచి "ఎవరది?" అన్న గొంతు వినగానే అనకుండా వెళ్ళిపోయాడు.

*

మరి కాసేపటికి మెట్లెక్కి ఒకావిడ వచ్చింది. చేతిలో కొలతల టేపు ఉంది.

"పాత్రలు చూడటానికి వచ్చానండీ."

"మీకోసమే కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాం మేడమ్!" అని యజమాని తన కుర్చీయే ఆవిడకు జరిపాడు. టేపు ఎందుకా అని నిదానానికి చిన్న అనుమానం వచ్చింది. పెద్ద కంపెనీలవాళ్ళు తెర కొలుస్తారేమోలే అని సర్దుకున్నాడు.

"మీ దగ్గర పాత్రలెన్ని ఉంటాయి?" అంది మేడమ్.

"నలభై దాకా ఉంటాయండీ" అన్నాడు నిదానం.

"అన్నీ పెద్దవేనా?"

"మొదట చిన్నవే. వాడేకొద్దీ పెరుగుతాయి."

మేడమ్ టేపు లాగబోయి ఆగింది. "పెరుగుతాయా?"

"అదే మా ప్రత్యేకత!" అన్నాడు యజమాని. "నిన్న రాత్రి ఇంతింత వదిలి వెళ్ళాం. పొద్దున వచ్చి చూస్తే గదిలో పట్టట్లేదు."

"మంటకి తట్టుకుంటాయా?"

"లెవెల్ని బట్టి మేడమ్" అన్నాడు నిదానం. "తక్కువుంటే మాడిపోతాయి. మాడినా ఫరవాలేదు, అదే పాత్ర మళ్ళీ మొదటినుంచి కొత్తగా వస్తుంది."

"మాడిన పాత్ర మళ్ళీ కొత్తదవుతుందా!" మేడమ్ గొంతులో భక్తి ధ్వనించింది. "లోతు ఎంతుంటుంది?"

నిదానం తల దించుకున్నాడు. అతని మనసులో ఉన్న బాధే ఆవిడ పట్టుకుంది. "నిజం చెప్పాలంటే హీరో పాత్రకి అస్సలు లోతు లేదండీ. దాని మీద ఇంకా పని చెయ్యాలి."

"లోతు లేకపోతే నాకెలా కుదురుతుంది? వెయ్యి మందికి సరిపోవాలి."

"ఒకేసారి వెయ్యి మందా?"

"మధ్యాహ్నం పూట ఒకేసారి వచ్చి పడతారు."

"వెయ్యి మందీ ఒకే పాత్రలోనా?"

"నాలుగైదు పాత్రలైనా సరే."

నిదానం వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. "అంతమందంటే సర్వర్లు కావాలి మేడమ్. మా దగ్గర ఒక్కటే సర్వరుంది, అదీ వేసవిలో పడుకుంటుంది."

"సర్వర్ల సంగతి మీకెందుకు? మా దగ్గర పన్నెండు మందున్నారు. ఒక్కడు కూడా పడుకోడు, పడుకోనివ్వను. మీరు పాత్ర చూపించండి."

యజమాని పెద్ద తెర వెలిగించాడు.

తెర మీద ఊరు లేదు. ఇళ్ళు, చెట్లు, బావి, మేక, ఆవలిస్తున్న కావలివాడు, నిద్రపోతున్న డ్రాగన్, అన్నీ ఒక మూల కుప్పగా ఊడ్చిపెట్టి ఉన్నాయి. కుప్పలోంచి డ్రాగన్ తోక ఒకటి బయటికి వేలాడుతోంది. మిగతా ప్రపంచమంతా అద్దంలా మెరిసిపోతోంది. మధ్యలో కోట ఒక్కటే మిగిలింది. దాని మెట్ల మీద ముసలమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏదీ, ఏం లేదే?" అంది మేడమ్.

"శుభ్రమైన ఆర్పీజీ మేడమ్" అన్నాడు యజమాని, నిదానాన్ని కాలితో తన్నుతూ.

నిదానం మీట నొక్కి హీరోను కుప్పలోంచి బయటికి లాగాడు. వాడు కత్తి దూసి రెండడుగులు వేశాడో లేదో, "కాళ్ళు తుడుచుకుని రా!" అని గది అదిరింది. మేడమ్ తెలియకుండానే కాళ్ళు దగ్గరికి లాక్కుంది. చీపురు ఒక్కసారి ఆడింది. హీరో తెర దాటి ఎగిరిపోయాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఎగిరిపోయాడు. ఎవరు ఏ పని చేస్తే అందులోనే అనుభవం కాబట్టి, నాలుగోసారికి వాడు ఎగిరిపోవడంలో మంచి స్థాయికి వచ్చాడు.

ఇక ఊడవడానికి వీధిలో ఏమీ మిగల్లేదని ముసలమ్మ కోటలోకి వెళ్ళింది. సింహాసనం మీద రాజమాత కూర్చుని ఉంది. "మేము రాజమాతలం. తల వంచండి" అంది, యజమాని భార్య గొంతుతో.

"ఇప్పుడే తుడిచాను, కళ్ళు కనిపించట్లేదా?" అంది ముసలమ్మ. చీపురు ఆడింది. రాజమాత కిటికీలోంచి వెళ్ళిపోయింది.

నిదానం కళ్ళు మూసుకున్నాడు. ఉద్యోగం పోయిందనుకున్నాడు. యజమాని చాలాసేపు కిటికీ వంక చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకోసారి చూపిస్తావా?" అన్నాడు.

అంతలో తెర మీద ఇంకో విచిత్రం జరిగింది. సింహాసనం ఖాళీ అయితే ఊళ్ళో అందరికంటే బలమైనవాళ్ళు దాని మీద కూర్చోవాలని ఆటలో ఎప్పటినుంచో ఉంది. హీరో కోసం రాసిపెట్టిన నియమం అది. ముసలమ్మ సింహాసనం దులిపి కూర్చుంది. కిరీటం దానంతటదే వచ్చి ఆమె నెత్తి మీదకి ఎక్కింది.

సరిగ్గా అప్పుడే రెండో గది తలుపు తెరుచుకుంది.

"అల్లుడుగారూ!"

నిదానం లేచి నిలబడ్డాడు. అలవాటు లేకపోయినా యజమానీ, మేడమూ కూడా లేచి నిలబడ్డారు.

"ఆ పెద్దమనిషి వైరు కదిలించగానే కంప్యూటరు వెలిగింది. అప్పట్నుంచీ ఆట చూస్తున్నాను. నన్ను రాజమాత అన్నారు మీరు."

"అవునండీ."

"నేను వీధి ఊడుస్తున్నాను అందులో!"

పారిపోవడానికి దారి లేదు. గుమ్మంలో ఆవిడే ఉన్నారు. "మీకు అబద్ధం చెప్పాను అత్తయ్యగారూ" అన్నాడు నిదానం. "కానీ అది రాత్రికి రాత్రి పెరిగి నిజమైంది. చూడండి."

అత్తగారు తెర వంక చూశారు. నెత్తిన కిరీటం, చేతిలో చీపురు.

"ఊడ్చి ఊడ్చి రాజమాతనయ్యానా?"

"అవునండీ."

"ఎవరి సిఫార్సూ లేకుండా?"

"ఎవరి సిఫార్సూ లేకుండా." యజమాని గోడ మీద గడియారం వంక చూడటం మొదలుపెట్టాడు.

"మరి ఆ ముందున్నావిడ?"

"ఆవిడ పుట్టడమే రాజమాతగా పుట్టిందండీ. కూర్చోవడం తప్ప పనేమీ లేదు."

"అందుకే కిటికీలోంచి పోయింది" అని అత్తగారు ముత్యాల దండ సర్దుకున్నారు.

"అంతా చాలా బాగుందండీ" అంది మేడమ్, టేపు విప్పుతూ. "ఇంతకీ గిన్నెలెక్కడ?"

అందరూ ఆవిడ చేతిలో టేపు వంక చూశారు.

"ఏం గిన్నెలు?" అన్నాడు యజమాని చివరికి.

"పెరిగే గిన్నెలు. మాడినా కొత్తగా వచ్చేవి. నేను ఫ్యాక్టరీ క్యాంటీన్ చూసుకుంటానండీ, రోజూ వెయ్యి మందికి వండాలి. కింద బోర్డు చూసి వచ్చాను."

యజమాని మెట్ల వైపు చూశాడు. "మీరు కాకపోతే మరి పెద్ద కంపెనీ నుంచి వచ్చే మనిషి ఏడీ?"

"నేనేనండీ" అని అత్తగారి వెనక నుంచి సన్నగా వినిపించింది. సంచీ మనిషి నిలబడి ఉన్నాడు, బూట్లు చేత్తో పట్టుకుని, ఉత్త కాళ్ళతో. "పొద్దున్నే వచ్చాను. కంప్యూటర్ చూడమన్నారు. చూశాను."

యజమాని ఆయన రెండు చేతులూ పట్టుకుని క్షమాపణలు చెప్పుకోబోయాడు. బూట్లు అడ్డొచ్చాయి. "సార్, ఒక్క మాట చెప్పండి. ఇది ఆర్పీజీయేనా, కాదా?"

సంచీ మనిషి ఇబ్బందిగా కదిలాడు. "అదేనండీ, మా ఆఫీసులో ఏళ్ళ తరబడి ఇదే గొడవ. అంకెలు పెరిగితే చాలని కొందరు. ఆడేవాడి ఇష్టం చెల్లాలని కొందరు. కథే ముఖ్యమని ఒకాయన అలిగి ఉద్యోగమే మానేశాడు. మీ దాంట్లో హీరో పెరగడు. మన ఇష్టం చెల్లదు. కథ కుప్పలో ఉంది." యజమాని కుర్చీలో కూలబడ్డాడు. "కానీ నేను ఈ గదిలోకి బూట్లతో వచ్చాను. కాళ్ళు తుడుచుకోమని తెరలోంచి ఆవిడ అరిచారు, పక్క కుర్చీలోంచి ఈవిడ అరిచారు. లోపల ఎవరూ చెప్పకుండానే బల్ల కూడా తుడిచానండీ. మా ఆవిడ నన్ను ఇరవై ఏళ్ళుగా మార్చలేకపోయింది. ఆడేవాణ్ణే పెంచిన ఆటను నేనింతవరకూ చూడలేదు. తీసుకుంటాం. రెండో భాగం కూడా కావాలి, ఇదే గొంతుతో."

"తప్పకుండా!" అన్నాడు యజమాని, కుర్చీలోంచి ఎగిరి.

"ఆగండాగండి" అంది మేడమ్. "ఆ గొంతు నాకు కావాలి. మా క్యాంటీన్ గుమ్మం దగ్గర ఈవిడ కూర్చుంటే చాలు."

అందరూ అత్తగారి వైపు తిరిగారు. ఆవిడ తొందరపడలేదు. "మీ దగ్గర వచ్చేవాళ్ళు నిజం మనుషులేనా?" అని మేడమ్‌ను అడిగారు.

"వెయ్యి మంది."

"బూట్లతో?"

"బురద బూట్లతో. రోజూ."

అత్తగారి కళ్ళు మెరిశాయి. అల్లుడి వైపు తిరిగి, "రాజ్యం మీరు చూసుకోండి" అని చెప్పి, మేడమ్‌తో కలిసి మెట్లు దిగి వెళ్ళిపోయారు.

రెండు వారాలు తిరిగేసరికి ఆట బాగానే అమ్ముడుపోయింది. సంచీ మనిషి రెండో భాగం ఏదని రోజూ ఫోను చేస్తున్నాడు. నిదానం ఏం చెయ్యాలో తోచక ఆఫీసు నుంచి భార్యకు ఫోన్ చేశాడు.

"మీ అమ్మగారి గొంతు ఒక అరగంట కావాలి. ఎప్పుడు ఖాళీ అవుతారో కనుక్కుంటావా?"

"అమ్మని అడిగాను. క్యాంటీన్‌లో చాలా పనిగా ఉందట" అంది భార్య, కాసేపటికి తిరిగి ఫోన్ చేసి. "వచ్చే నెలలో చూసి చెప్తుందట. ఈలోగా ఏదైనా ఉంటే మేడమ్ ద్వారా కబురు పెట్టమంది."

అత్తగారి గది వాళ్ళ గదికి ఎదురుగానే ఉంటుంది.